పట్టా చేతికొచ్చేదాకా

పీజీ సీటు వచ్చిన రోజు ఇంట్లో స్వీట్లు పంచుతారు. వాట్సాప్ స్టేటస్ మారుతుంది. కాకినాడలో పెద్దమ్మకీ, కరీంనగర్‌లో బాబాయికీ ఫోన్లు వెళతాయి. రెండేళ్లు పోయాక అదే మనిషిని కదిపి చూడండి. "అయిపోయినట్టే, ఒక్క పేపరు మిగిలింది" అంటారు కొందరు. "డిజర్టేషన్ సగంలో ఉంది" అంటారు ఇంకొందరు. మరికొందరు మాటే మార్చేస్తారు.

ఎకనమిక్స్ పీజీలో ఇలా ఆగిపోవడానికి వీలు కాస్త ఎక్కువ. లెక్కలు, గణాంకాలు, డేటా, రాత అన్నీ ఒకే కోర్సులో కలిసి వస్తాయి. వీటిలో ఏదో ఒకటి ప్రతివాళ్లకీ కొరుకుడు పడదు. అక్కడే బండి ఆగుతుంది. ఆగినవాళ్లు మొద్దులేం కాదు. చాలామంది ఎంట్రన్సులో మంచి ర్యాంకు తెచ్చుకున్నవాళ్లే. సీటు తెలివితో వస్తుంది గానీ పట్టా పద్ధతితో వస్తుంది. ఆ పద్ధతి ఏమిటో చూద్దాం.

మూడు దారులు, మూడు రకాల రూల్సు

ఉద్యోగాల మీద వచ్చి ఢిల్లీ పక్కనే ఉన్న ఘాజియాబాద్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకి ఎంఏ ఎకనమిక్స్ చేయడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. 

మొదటిది ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్. వి.కె.ఆర్.వి. రావు 1949లో మొదలుపెట్టిన సంస్థ. ఇక్కడికి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాసి రావాలి. సరైన జవాబుకి 4 మార్కులు, తప్పు రాస్తే ఒకటి కోత. రెండోది మీరట్‌లోని చౌధరీ చరణ్ సింగ్ యూనివర్సిటీ. ఎంఎంహెచ్ కాలేజీ లాంటి ఘాజియాబాద్ కాలేజీలు దీని పరిధిలోవే. మూడోది దూరవిద్యలో నడిచే ఇగ్నో. ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ చదివేవాళ్లకి అనువైనది. ఏ సబ్జెక్టులో డిగ్రీ ఉన్నా చేరనిస్తుంది.

ఈ మూడింటికీ సిలబస్ దాదాపు ఒకటే అనుకుంటారు. కొంతవరకు నిజమే. కానీ పట్టా ఇచ్చే షరతులు మాత్రం దేనివి దానివే. ఇగ్నోనే తీసుకోండి. తక్కువలో తక్కువ రెండేళ్లు, ఎక్కువలో ఎక్కువ నాలుగేళ్లు. అసైన్‌మెంట్లకి 30 శాతం, జూన్‌లోనో డిసెంబరులోనో జరిగే టర్మ్ ఎండ్ పరీక్షకి 70 శాతం. పరీక్ష ఎంత బాగా రాసినా అసైన్‌మెంటు ఇవ్వకపోతే ఆ పేపరు పూర్తయినట్టు కాదు. ఈ చిన్న సంగతి మూడో ఏడాదిలో తెలుసుకుని గుండెలు బాదుకునేవాళ్లుంటారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

అందుకే మొదటి సూత్రం: చేరిన మొదటి వారంలోనే రూల్సు చదవండి. యూనివర్సిటీ ఆర్డినెన్సు, ప్రోగ్రాం గైడ్, డిపార్ట్‌మెంటు హ్యాండ్‌బుక్, పేరేదైనా సరే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. సీనియర్ చెప్పాడు కదా అని వదిలేయకండి. సీనియర్ చేరిన ఏడాది రూలు మీ ఏడాదికి ఉండకపోవచ్చు. ఉదాహరణకి యూజీసీ 2024లో పీజీలకి కొత్త చట్రం ఇచ్చింది. మూడేళ్ల డిగ్రీ చేసినవాళ్లకి రెండేళ్ల పీజీ, నాలుగేళ్ల ఆనర్స్ చేసినవాళ్లకి ఏడాది పీజీ. ఒకే క్లాసులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి ఇక ముందు షరతులు వేరువేరుగా ఉంటాయి.

చదివాక ఒక తెల్ల కాగితం తీసుకోండి. మొత్తం క్రెడిట్లు ఎన్ని? తప్పనిసరి పేపర్లేవి, ఎంచుకునేవి ఎన్ని? పాస్ మార్కు పేపరుకి ఎంత, మొత్తానికి ఎంత? అటెండెన్సు ఎంత శాతం? బ్యాక్ పేపరు మళ్లీ ఎప్పుడు రాయనిస్తారు? డిజర్టేషన్ ఉందా, ఉంటే టాపిక్ ఎప్పుడు ఇవ్వాలి? గరిష్ఠంగా ఎన్నేళ్లు? చివర్లో ఏయే నో డ్యూస్ కావాలి? ఎనిమిది ప్రశ్నలు, ఎనిమిది జవాబులు. ఆ కాగితం చదువుకునే బల్ల ఎదురుగా గోడకి అంటించండి.

ప్రేమించిన పేపరు కాదు, భయపడే పేపరు

ఎంఏ ఎకనమిక్స్‌లో మైక్రో, మాక్రో, గణితం, గణాంకాలు, ఎకనమెట్రిక్స్ చాలాచోట్ల ఏదో ఒక రూపంలో తప్పవు. బీఏలో బొమ్మలు గీసి గట్టెక్కినవాళ్లకి ఇక్కడ మొదటి దెబ్బ తగులుతుంది. వక్రరేఖ గీస్తే చాలదు, దాన్ని సమీకరణంగా రాసి సాధించమంటారు.

ఒక చిన్న లెక్క చూద్దాం. మీ దగ్గర 400 రూపాయలున్నాయి. ఒక వస్తువు ధర 10 రూపాయలు, ఇంకోదాని ధర 20. మీకు వచ్చే తృప్తి రెండు వస్తువుల సంఖ్యల లబ్ధం అనుకోండి. తృప్తి గరిష్ఠం కావాలంటే ఏది ఎన్ని కొనాలి? లగ్రాంజ్ పద్ధతిలో సాధిస్తే మొదటిది 20, రెండోది 10 వస్తాయి. ఇంతవరకు అందరూ చేస్తారు. ఆ లెక్కలో లాంబ్డా అని ఇంకో అంకె వస్తుంది. ఇక్కడ దాని విలువ 1. చాలామంది దాన్ని కొట్టేసి ముందుకెళ్లిపోతారు. అసలు విషయం అందులోనే ఉంది. జేబులోకి ఇంకొక్క రూపాయి వస్తే తృప్తి సుమారుగా ఎంత పెరుగుతుందో చెప్పేది ఆ లాంబ్డాయే.

ఈ లెక్కని పరీక్షలో రాసి మర్చిపోకండి. మీ రోజుకి అన్వయించుకోండి. రూపాయల బదులు గంటలు పెట్టండి. ఈ రోజు ఇంకొక్క గంట దొరికితే ఏ పేపరుకిస్తే ఎక్కువ ఫలితం? మీకు ఇష్టమైన డెవలప్‌మెంట్ ఎకనమిక్స్‌లో ఇప్పటికే 70 మార్కులొస్తున్నాయి. ఇంకో గంట చదివితే 71 అవుతుంది. ఎకనమెట్రిక్స్‌లో 32 దగ్గర ఆగిపోయారు. ఆ గంట దానికిస్తే 36 రావచ్చు. అయినా చెయ్యి దేని మీదికి వెళుతుంది? డెవలప్‌మెంట్ పుస్తకం మీదికే. ఎందుకంటే అది చదువుతుంటే మనం తెలివైనవాళ్లమన్న భావన కలుగుతుంది. ఎకనమెట్రిక్స్ తెరిస్తే ఆ భావన పోతుంది.

పాస్ మార్కు ప్రతి పేపరులోనూ విడిగా రావాలన్న రూలున్న చోట, ఒక పేపరులో వచ్చిన 90 ఇంకో పేపరులో తగ్గిన 4 మార్కులకి అక్కరకి రాదు. కాబట్టి రెండో సూత్రం: రోజులో మీ బుర్ర చురుగ్గా ఉండే మొదటి గంట మీరు భయపడే పేపరుకివ్వండి. ఇష్టమైన పేపరు రాత్రి నిద్రకళ్లతో చదివినా ఎక్కుతుంది.

భయం పోగొట్టుకోవడానికి ఒక మందుంది. చదివినదాన్ని తెలుగులో, ఎకనమిక్స్ తెలియని మనిషికి చెప్పండి. అమ్మకి చెప్పండి. "రిజర్వ్ బ్యాంకు రెపో రేటు పెంచితే మన ఇంటి లోను కిస్తీ ఎందుకు పెరుగుతుందమ్మా అంటే..." అని మొదలుపెట్టండి. మధ్యలో ఎక్కడ నత్తి వస్తుందో అక్కడ మీకు అర్థం కాలేదన్నమాట. ఇంగ్లీషులో అయితే పుస్తకంలోని వాక్యం అప్పజెప్పేసి తప్పించుకోవచ్చు. అమ్మ దగ్గర ఆ ఆటలు సాగవు. "అంటే ఏమిటే?" అని వెంటనే అడుగుతుంది.

మెట్రోలో పోయే గంటలు

ఘాజియాబాద్ విద్యార్థి సమయంలో పెద్ద భాగం దారిలోనే పోతుంది. షహీద్ స్థల్‌లో రెడ్ లైన్ ఎక్కి, కశ్మీరీ గేట్‌లో దిగి, ఎల్లో లైన్ పట్టుకుంటే మూడో స్టేషన్ విశ్వవిద్యాలయ. వైశాలి, ఇందిరాపురం వైపు వాళ్లయితే బ్లూ లైన్‌లో రాజీవ్ చౌక్ దాకా వచ్చి మారాలి. ఇంటి గుమ్మం నుంచి క్లాసు గుమ్మం దాకా లెక్కేస్తే పోనూ రానూ రెండు గంటలకి పైనే. మీరట్ వైపు వెళ్లేవాళ్లకి నమో భారత్ రైలు వచ్చాక కొంత ఊపిరాడింది.

ఈ రెండు గంటల్లో మొత్తం చదివేస్తానని ప్లాను వేసుకునేవాళ్లు వారం తిరిగేసరికి రీల్స్ చూస్తుంటారు. ప్లానులోనే లోపం ఉంది మరి. జనం భుజాలు రాసుకుంటుంటే కొత్త నిరూపణ బుర్రకెక్కదు. దారిలో పాతది తిరగేసే పని మాత్రమే పెట్టుకోండి. షహీద్ స్థల్ మొదటి స్టేషన్ కాబట్టి పొద్దున సీటు దొరుకుతుంది. అప్పుడు నిన్నటి నోట్సు తెరవండి. సాయంత్రం తిరుగు ప్రయాణంలో నిలబడే రావాలి. ఆ టైములో ఫోన్ జేబులో పెట్టి, ఈ రోజు క్లాసులో విన్న మూడు విషయాలు మనసులో వరసగా చెప్పుకోండి. మూడోది గుర్తు రాకపోతే ఇంటికెళ్లగానే మొదట తెరవాల్సింది అదే.

దూరం నుంచి వచ్చేవాళ్లకి ఇంకో చిక్కుంది. క్లాసు అయిపోగానే రద్దీ పెరగకముందే రైలెక్కేయాలన్న తొందర. దాంతో టీ కొట్టు దగ్గర జరిగే చర్చలు, లైబ్రరీ మెట్ల మీద లెక్కలు సాధించుకునే బృందాలు వీళ్లకి అందవు. ప్రాబ్లెమ్ సెట్లు ఒంటరిగా సాధించడం కష్టం. వారానికి రెండు రోజులైనా ఆలస్యంగా బయల్దేరండి. ముగ్గురితో ఒక జట్టు కట్టండి. ముగ్గురూ టాపర్లు కానక్కర్లేదు. లెక్కలొచ్చినవాడొకడు, రాత బాగున్నది ఒకతె, క్లాసు ఎగ్గొట్టనిది ఒకతె ఉంటే ఆ జట్టుకి తిరుగులేదు.

బ్యాక్ పేపరు పడితే

పడుతుంది. ఎకనమిక్స్‌లో మంచి విద్యార్థులకీ పడుతుంది. పడ్డాక చేసే పనే ముఖ్యం. సాధారణంగా జరిగేది ఇది: ఇంట్లో చెప్పరు, క్లాసులో చెప్పరు, పుస్తకం అటక ఎక్కిస్తారు. మళ్లీ రాసే అవకాశం వచ్చేనాటికి కొత్త సెమిస్టర్ పేపర్లు నాలుగు మీద పడి ఉంటాయి.

మీరు చదివిన ఎకనమిక్స్ దీనికి ఒక మాట చెబుతుంది: మునిగిన ఖర్చుని మర్చిపో. పోయిన సెమిస్టర్, కట్టిన ఫీజు, పడిన అవమానం ఇవేవీ ఇప్పుడు తీసుకునే నిర్ణయంలోకి రాకూడదు. ఇక ముందున్నదే లెక్క. ఫలితం వచ్చిన వారంలోనే మూడు పనులు చేయండి. జవాబు పత్రం చూసుకునే వీలుంటే చూసుకోండి. ఏ యూనిట్లో మార్కులు పోయాయో రాసుకోండి. మళ్లీ పరీక్ష ఫారం ఎప్పుడు నింపాలో ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఇంట్లో కూడా చెప్పేయండి. "నాన్నా, ఎకనమెట్రిక్స్ పోయింది, డిసెంబరులో మళ్లీ రాస్తున్నాను" అంటే ఒక పూట మౌనం తప్పదు. దాచిపెడితే ఏడాది పొడవునా అబద్ధాలు తప్పవు.

ప్రశ్న ఇంటి దగ్గరే వెతకండి

డిజర్టేషన్ దగ్గర ఎక్కువమంది చతికిలబడేది టాపిక్ ఎంపికలోనే. ఒక జూనియర్‌కీ సీనియర్‌కీ మధ్య సంభాషణ సాధారణంగా ఇలా నడుస్తుంది.

"అక్కా, భారతదేశంలో ఆహార ద్రవ్యోల్బణం మీద చేద్దామనుకుంటున్నా."

"దేశం మొత్తమే? ఎన్నాళ్లు చేస్తావురా?"

"నాలుగు నెలలుంది."

"ముందు నీ దగ్గర డేటా ఏముందో చెప్పు."

అక్కడ జూనియర్ ఆగిపోతాడు. ఆగాల్సిందే కూడా. టాపిక్ ముందు, డేటా తర్వాత అనుకోవడం వల్లే నెలలు కరిగిపోతాయి. సాహిబాబాద్‌లో కూరగాయల మండీ ఉంది. ఇందిరాపురంలో వారానికో రోజు రోడ్డు మీద సంత జరుగుతుంది. మండీలో టోకు ధరకీ, సంతలో చిల్లర ధరకీ మధ్య తేడా ఎంత? వానలు ఎక్కువైన వారాల్లో ఆ తేడా పెరుగుతుందా, తగ్గుతుందా? మండీ ధరలు అగ్‌మార్క్‌నెట్ పోర్టల్‌లో రోజువారీగా దొరుకుతాయి. సంత ధరలు మీరే సంచీ పట్టుకెళ్లి రాసుకోవచ్చు. ఒక కూరగాయ, రెండు చోట్లు, పన్నెండు వారాలు. ఇది పూర్తవుతుంది. దీన్నించి దేశం గురించి కూడా ఒక మాట చెప్పవచ్చు.

ఉద్యోగాల గురించి రాయాలనుకుంటే కార్మికుల సర్వే పీఎల్‌ఎఫ్‌ఎస్, ఇంటి ఖర్చుల గురించైతే వినియోగ వ్యయ సర్వే, రెండింటి మూల డేటానీ కేంద్ర గణాంకాల మంత్రిత్వ శాఖ ఉచితంగా ఇస్తోంది. డౌన్‌లోడ్ చేసి, ఒక చిన్న పట్టిక తయారు చేయగలిగాకే టాపిక్ ఖాయం చేసుకోండి.

ఇంటి దగ్గరి ప్రశ్న చిన్న ప్రశ్నేమీ కాదు. తెలంగాణ నుంచి వచ్చి ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో పీహెచ్‌డీ చేసిన సి.హెచ్. హనుమంతరావు రాసిన పుస్తకాల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ భూమి మీద పన్నుల గురించే. ఆయనే తర్వాత 1982-86 మధ్య ప్రణాళికా సంఘం సభ్యుడిగా పనిచేశారు.

పీహెచ్‌డీకి వెళితే

ఎంఏలో పరీక్షల టైమ్‌టేబుల్ మిమ్మల్ని తోస్తుంది. పీహెచ్‌డీలో తోసేవాళ్లుండరు. ఉండేవి గడువులే. అవి కంఠతా రావాలి.

2022 నవంబరులో యూజీసీ ఇచ్చిన నిబంధనల ప్రకారం కోర్సు వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండేళ్ల దాకా పొడిగించవచ్చు. మహిళలకి, 40 శాతం మించి వైకల్యం ఉన్నవాళ్లకి దానిమీద మరో రెండేళ్లు. ప్రసూతి, పిల్లల సంరక్షణ కోసం మహిళలకి 240 రోజుల దాకా సెలవు ఉంది. కోర్సు వర్క్ కనీసం 12 క్రెడిట్లు. ప్రతి సెమిస్టరూ పరిశోధన సలహా సంఘం ముందు పని చూపించాలి. చివరికి థీసిస్, బహిరంగ వైవా. జర్నల్ పేపరు తప్పనిసరి అన్న పాత షరతుని ఈ నిబంధనలు తీసేశాయి. కానీ మీ యూనివర్సిటీ సొంతంగా ఏమైనా అడుగుతోందేమో చూసుకోండి.

కాపీ విషయంలో యూజీసీ 2018 నిబంధనలు అమల్లో ఉన్నాయి. వేరే రచనలతో పోలిక 10 శాతం దాటి 40 లోపు ఉంటే ఆరు నెలల్లోగా సరిచేసి ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మొదటి రోజు నుంచే ఏ వాక్యం ఎక్కడిదో రాసుకునే అలవాటుంటే ఈ భయం దగ్గరికి రాదు.

గైడ్‌తో వ్యవహారానికి ఒక చిట్కా. కలిసిన ప్రతిసారీ ఆ సాయంత్రమే నాలుగు లైన్ల మెయిల్ పంపండి. "సార్, ఈ రోజు ఇది అనుకున్నాం, ఫలానా తేదీకి నేను ఇది ఇస్తాను" అని. ఆరు నెలల తర్వాత "నేనెప్పుడు చెప్పాను?" అన్న మాట ఇటు నుంచీ అటు నుంచీ కూడా రాదు. పని జరగని నెలలో సైతం వెళ్లి కలవండి. చూపించడానికేమీ లేదని తప్పించుకు తిరగడంతోనే చాలా థీసిస్‌లు మూలనపడతాయి.

ఉద్యోగం అడ్డమనుకునేవాళ్లకి: అదే 2022 నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని అనుమతిస్తున్నాయి. పనిచేసే చోటి నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. సాహిబాబాద్‌లోని భారత్ ఎలక్ట్రానిక్స్‌లో పనిచేస్తున్నా, బ్యాంకులో పనిచేస్తున్నా దారి మూసుకోలేదు. రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా చేసిన దువ్వూరి సుబ్బారావు ఐఐటీ కాన్పూర్‌లో ఫిజిక్స్ చదివి, 1972లో ఐఏఎస్‌లో చేరారు. ఆ తర్వాత ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎకనమిక్స్ ఎంఎస్, ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశారు. సబ్జెక్టు మారింది, ఉద్యోగం ఉంది, అయినా చదువు పూర్తయింది.

అమెరికా వెళ్లేవాళ్లకి షరతుల వరస వేరు. మొదటి ఏడాది మైక్రో, మాక్రో, ఎకనమెట్రిక్స్ కోర్సులు, వాటి మీద అర్హత పరీక్షలు, తర్వాత ఎంచుకున్న రంగంలో పేపర్లు, చివరికి థీసిస్. చాలాచోట్ల మూడు విడి వ్యాసాలు కలిపితే థీసిస్. కోర్సులూ పరీక్షలూ అన్నీ అయిపోయి థీసిస్ ఒక్కటి మిగిలినవాళ్లు అక్కడా ఎంతోమంది ఉన్నారు. జబ్బు ఒకటే. రోజూ రాసే అలవాటు లేకపోవడమే ఆ జబ్బు.

పట్టా కోసం ఆగని తేదీలు

పూర్తి చేయడం ఎందుకింత ముఖ్యమంటే, తర్వాతి తలుపులన్నీ ఆ కాగితం అడుగుతాయి. ఇండియన్ ఎకనమిక్ సర్వీస్ పరీక్షకి ఎకనమిక్స్‌లోగానీ దాని అనుబంధ సబ్జెక్టుల్లోగానీ పీజీ కావాలి. జనరల్ అభ్యర్థుల వయసు 21 నుంచి 30 మధ్య ఉండాలి. యూజీసీ నెట్‌ని పీజీ చివరి ఏడాదిలోనే రాయవచ్చు. అయితే ఫలితం వచ్చిన రెండేళ్లలోగా పీజీ 55 శాతంతో పూర్తి చేయాలి. ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి 50 శాతం చాలు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. మిగిలిపోయిన ఆ ఒక్క బ్యాక్ పేపరు ఖరీదు ఎంతో ఇప్పుడు లెక్కేసుకోండి.

ఈ ఆదివారం ఏం చేయాలి?

ఒకటి, మీ యూనివర్సిటీ రూల్సు డౌన్‌లోడ్ చేసి ఆ ఎనిమిది ప్రశ్నలకి జవాబులు రాయండి. 

రెండు, మీరు భయపడే పేపరు పేరు పైకి చెప్పి, దానికి పొద్దుటి గంట కేటాయించండి. 

మూడు, ఇద్దరు స్నేహితులకి ఫోన్ చేసి జట్టు ఖాయం చేసుకోండి. 

నాలుగు, చివరి తేదీ నుంచి వెనక్కి లెక్కేసి, ఏ నెలకి ఏది అయిపోవాలో క్యాలెండర్‌లో పెట్టండి. డిజర్టేషన్ ఇవ్వాల్సిన తేదీకి ఒక నెల ముందే మీ సొంత గడువు ఉండాలి. ఘాజియాబాద్‌లో జనవరి పొగమంచుకి రైళ్లు ఆలస్యమవుతాయి, వైరల్ జ్వరాలొస్తాయి, గైడ్ సెలవులో వెళతారు, ఊళ్లో పెళ్లిళ్లుంటాయి. ఆ నెల వీటన్నిటికీ సరిపోతుంది.

మొత్తం కలిపి మూడు గంటల పని. భోజనం చేసి కూర్చుంటే చీకటి పడేలోపు అయిపోతుంది.